చర్చ: పెట్ట రోజూ గంట ఆలస్యంగా గుడ్డు పెట్టి ఒకరోజు ఎగ్గొడుతోంది, ఎందుకు?

మధురవాడ_డాబా
డాబా మీద మూడు గ్రామప్రియలు (పెరట్లో పెంచుకునే సంకరజాతి పెట్టలు), రెండు నాటుపెట్టలు ఉన్నాయి. గ్రామప్రియల్లో ఒకటి ఇవాళ ఏడింటికి పెడితే రేపు ఎనిమిది దాటాక, ఎల్లుండి తొమ్మిదిన్నరకి... అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం రెండు మూడింటిదాకా వచ్చి, ఒకరోజు ఎగ్గొట్టి, మర్నాడు మళ్ళీ పొద్దున్నే పెడుతుంది. దాణాలో లోపమా? నాటుపెట్ట డజను పెట్టగానే పొదుగుకి కూర్చుంటోంది, దాన్ని లేపడం ఎలా? దసరా దాటిన దగ్గర్నుంచీ అన్నీ తగ్గించేశాయి. ఇంకోటి, కిందింటివాళ్ళ నాటుపుంజు పైకి వస్తూ ఉంటుంది. ఈ గ్రామప్రియ గుడ్లు నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు తీస్తే అవి కూడా ఇంతలా పెడతాయా?

పెందుర్తి_షెడ్డు
ఒక్క బల్బు పెట్టి ఉంటే ఇన్ని ప్రశ్నలు ఉండేవి కావు. పెందుర్తి, సబ్బవరం వైపు నేను చూడని లేయర్ (గుడ్ల కోళ్ళ) షెడ్డు లేదు. గుడ్ల మీదున్న పెట్టకి రోజుకి 16 గంటల వెలుతురు ఉండాలి. మన వైజాగులో డిసెంబరు పగలు 11 గంటలు, జూన్‌లో 13 చిల్లర. తక్కువైంది మనం కలపాలి, అంతే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి కరెంటు పోయి షెడ్డంతా చీకటి. గాలికి పోయినవి పోగా మిగిలినవి ఈకలు రాల్చేసి గుడ్లు ఆపేశాయి. కరెంటొచ్చాక కూడా మళ్ళీ దారిలో పడడానికి వారాలు పట్టింది. డాబా మీద అయిదు కోళ్ళకి ఇంత రాద్ధాంతమా?

అరకు_అత్త
పొదుగుకి కూర్చున్న పెట్టని లేపడమేంటి నాయనా? మా వైపు అలాంటి పెట్ట ఉన్న ఇంటికి పక్కవాళ్ళు గుడ్లు తెచ్చి ఇచ్చి పోతారు, పిల్లల్లో వాటా మాట్లాడుకుంటారు. 21 రోజులు కదలకుండా కూర్చుంటుంది, గద్ద వస్తే గద్ద మీదికే ఎగురుతుంది. మీ గ్రామప్రియ చేస్తుందా ఆ పని? కొందరు పాపం దాన్ని నీళ్ళలో ముంచుతారు, ముక్కులో ఈక దూరుస్తారు. ఆ ఈక వాళ్ళ ముక్కులోనే దూర్చాలి.

వాల్తేరు_పశువైద్యం
రిటైరయ్యాను, తీరిక ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆలస్యానికి దాణా కారణం కాదు. అండాశయం నుంచి పచ్చసొన జారాక దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, లోపలి పొరలకి గంట పైచిలుకు, పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు. అన్నీ కలిపితే 25 గంటల దరిదాపు. గుడ్డు పెట్టిన అరగంటకి తర్వాతి పచ్చసొన జారుతుంది. కాబట్టి రోజుకో గంట వెనక్కి జరగక తప్పదు. మరి ఎగ్గొట్టడం ఎందుకంటే, పచ్చసొన జారాలంటే ముందు ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పెరగాలి. అది రాత్రిపూట ఏ ఎనిమిది పది గంటల వ్యవధిలోనో తప్ప పెరగదు. వరుస వెనక్కి జరిగి జరిగి ఆ వేళ దాటిపోతే ఆ రోజు పచ్చసొన జారదు. మరుసటి రాత్రి మళ్ళీ మొదటి నుంచి. షెడ్లలో ఉండే తెల్ల లేయర్లని తరతరాలుగా ఏరి ఏరి ఈ 25 గంటలని 24కి దగ్గరగా తెచ్చారు. అవి ఏడాదికి 300 పైన పెడుతున్నాయంటే ఒక ముఖ్య కారణం ఇదే.

బల్బు మాట నిజమే. అయితే వెలుతురు కంట్లో పడాలని అందరూ అనుకుంటారు. కోడికి పుర్రె దాటి మెదడు లోతుకి చేరే వెలుతురు ముఖ్యం. చూపు లేని కోడి కూడా పగటి నిడివి పెరిగితే గుడ్లకొస్తుంది.

సీతమ్మధార_కేకులు
బల్బుల సంగతి తర్వాత. గుడ్లకి నీసు వాసన ఎందుకొస్తుందో ఎవరైనా చెప్పండి ముందు. ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. నాటుగుడ్లని జాలారిపేటలో ఒకాయన దగ్గర కొంటే స్పాంజి మొత్తం ఎండుచేపల కంపు. వెనిల్లా ఎంత పోసినా పోలేదు. పుట్టినరోజు కేకు తిప్పి పంపించారు.

జాలారిపేట_పుంజు
ఒలమ్మా, నా మీదేనా ఈ పోస్టు? మా కోళ్ళకి మొదట్నుంచీ హార్బర్లో దొరికే సేప తలకాయలు, రొయ్య పొట్టే మేత. రోజూ ఆమ్లెట్లు ఏసుకుంతన్నాం. నాకేటీ వాసన రాదే!

సీతమ్మధార_కేకులు
మీకెలా వస్తుందండీ? వీధంతా ఎండుచేపలే కదా.

జాలారిపేట_పుంజు
మా వీధి జోలికి రాకండి. సేపలు కావాల, సేపలోల్ల గుడ్డు మాత్రం కంపా? గుడ్డుకి పది రూపాయలు తక్కువిచ్చి బేరమాడినప్పుడు రాలేదా ఈ వాసన?

పెందుర్తి_షెడ్డు
చేపపొడి ఎక్కువైతే గుడ్డు వాసనొస్తుంది. ఇది తెలియనివాడు కోళ్ళు పెంచకూడదు. నా షెడ్లో ఏనాడూ ఈ ఫిర్యాదు లేదు. ఇంక గొడవ ఆపండి.

చర్చ_నిర్వాహకుడు
వాడల పేర్లు పెట్టి తిట్టుకున్న రెండు పోస్టులు తీసేశాను. కోళ్ళ గురించి మాట్లాడండి.

వాల్తేరు_పశువైద్యం
షెడ్డు గారు చెప్పింది సగం. చేప తిన్న ప్రతి పెట్టా నీసు గుడ్డు పెట్టదు. చేప వల్ల, దాణాలోని కోలిన్ అనే పోషకం వల్ల పేగుల్లో ట్రైమిథైలమైన్ అనే పదార్థం తయారవుతుంది. కంపు దానిదే. మామూలు పెట్ట కాలేయంలో ఎఫ్‌ఎంఓ3 అనే ఎంజైము దాన్ని వాసన లేని రూపంలోకి మార్చేస్తుంది. కొన్ని పెట్టల్లో ఆ ఎంజైము తాలూకు జన్యువులో చిన్న లోపం ఉంటుంది. ముఖ్యంగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ లోపమే వస్తే, మారని కంపు నేరుగా పచ్చసొనలోకి చేరుతుంది. గోధుమరంగు గుడ్లు పెట్టే విదేశీ జాతుల్లో ఈ లోపం కనిపించింది, 2005లో జన్యువుని కనిపెట్టారు. షెడ్లలో పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతిలో ఈ బాధ లేదు. షెడ్డు గారికి ఫిర్యాదు రాకపోవడానికి కారణం ఆయన నేర్పు కాదు, ఆయన కోళ్ళ జాతి.

పెందుర్తి_షెడ్డు
డాక్టరు గారూ, ఆఫీసులో కూర్చుని జన్యువులు చెప్పడం తేలిక. మే నెలలో ఒక్క మధ్యాహ్నం షెడ్లో నిలబడండి, అప్పుడు మాట్లాడదాం.

జాలారిపేట_పుంజు
సూసారా! మేత తప్పు కాదంట. నా దగ్గర ఎర్రపెట్టలు రెండే, మిగతాయన్నీ పందెం జాతి. ఆ రెండూ ఎవరో ఫారం నుంచి తెచ్చి ఇచ్చినవి.

సీతమ్మధార_కేకులు
నాకు ఇచ్చిన గుడ్లలో ముదురు గోధుమరంగువి కూడా ఉన్నాయి. అయినా తప్పు కోడిదైతే డబ్బులు కోడి తిరిగిస్తుందా?

వాల్తేరు_పశువైద్యం
మేత కూడా కావాలి, జన్యువు కూడా కావాలి. ఆ రెండు పెట్టలకి చేప మాన్పించండి చాలు. ఒక్కో పచ్చసొన పెరగడానికే పది రోజులు పడుతుంది, మర్నాడే వాసన పోలేదని మళ్ళీ ఇక్కడికొచ్చి తిట్టుకోకండి.

భీమిలి_గవ్వ
ఎండాకాలం మాట వచ్చింది కాబట్టి. మేలో మా పెట్టలు తోలుగుడ్లు పెడతాయి, పట్టుకుంటే మెత్తగా ఉంటాయి. సముద్రం ఒడ్డున ఏరిన ఆల్చిప్పలు దంచి వేస్తున్నా అంతే. మా ఊరి ఉక్కకి సున్నం కూడా పని చేయదా?

వాల్తేరు_పశువైద్యం
కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, రక్తంలో పెంకు కట్టడానికి కావాల్సిన బైకార్బనేటు తగ్గుతుంది. సున్నం ఉన్నా పెంకు పలచనే. దానికితోడు ఎండకి మేత తినడం తగ్గిస్తాయి. చల్లని నీళ్ళు, నీడ, తెల్లవారుజామున మేత. గుల్ల మాత్రం సాయంత్రం వేయండి, పొద్దున కాదు. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి. ఒక్క గుడ్డుకి సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. ఆ వేళకి పొట్టలో లేకపోతే సొంత ఎముకల్లోంచి తీస్తుంది.

ఏయూ_జన్యువు
పిల్లలు తీసే ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. గ్రామప్రియని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వేర్వేరు వరసల్ని కలిపి చేసింది. కలిపిన మొదటి తరంలో ఉన్న బలం తర్వాతి తరంలో అలాగే నిలవదు. పైగా మీకు కలుస్తున్నది నాటుపుంజు. పిల్లలు రకరకాలుగా వస్తాయి, కొన్ని బాగా పెడతాయి, కొన్ని పొదుగుకి కూర్చుంటాయి.

చాలామంది తల్లి లెక్క ఒక్కటే చూస్తారు. పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యు క్రోమోజోము. పుంజుకి రెండు జెడ్‌లు. పెట్టకి ఉన్న ఒక్క జెడ్ తండ్రి ఇచ్చినదే. జెడ్ మీద ఉన్న గుణాలు కూతురికి నాన్న దగ్గర్నుంచే రావాలి. పుంజు ఎలాగూ గుడ్డు పెట్టదు కాబట్టి దాని తల్లి, అక్కచెల్లెళ్ళు ఎన్ని పెట్టాయో చూసి ఎంచుకోవాలి.

జాలారిపేట_పుంజు
పందేల్లో మాత్రం మేం తల్లినే సూస్తాం. కాకి పుంజైనా డేగ పుంజైనా తల్లి పిరికిదైతే కొడుకు బరిలో నిలబడడు.

ఏయూ_జన్యువు
కొడుకుకి తల్లి నుంచీ ఒక జెడ్ వస్తుంది, తండ్రి నుంచీ ఒకటి వస్తుంది. నేను మాట్లాడుతున్నది కూతుళ్ళ గుడ్ల గురించి.

పెందుర్తి_షెడ్డు
పుస్తకాల కుర్రాళ్ళు ఎక్కువైపోయారు. గుడ్డు ధర పడిపోయినప్పుడు ఏ జెడ్ ఆదుకుంటుంది? దాణా సరిగ్గా పెట్టు, లైటు సరిగ్గా పెట్టు, కోడి అదే పెడుతుంది.

ఏయూ_జన్యువు
సార్, మీరు ప్రతిసారీ కంపెనీ పిల్లల్నే దించుతారు కదా. ఒక్క తరమైనా సొంతంగా తీశారా?

పెందుర్తి_షెడ్డు
తీయాల్సిన ఖర్మ నాకు లేదు.

అరకు_అత్త
అయితే పొదిగే పెట్ట విలువ మీకేం తెలుస్తుంది?

వాల్తేరు_పశువైద్యం
అత్తగారూ, మీ పెట్టలో పనిచేస్తున్నది ప్రొలాక్టిన్ అనే హార్మోను. గుడ్లు పొట్టకి తగిలినకొద్దీ అది పెరుగుతుంది, అండాశయం ముడుచుకుంటుంది. లెగ్‌హార్న్‌లలో ఆ గుణాన్ని ఏరి ఏరి దాదాపు పోగొట్టారు. డాబా గారూ, ముంచడం, ఈకలు దూర్చడం వద్దు. కింద గాలి ఆడే జాలీ గంపలో, వెలుతురులో, నాలుగైదు రోజులు గూడు లేకుండా ఉంచండి. నీళ్ళు, మేత తగ్గించొద్దు. లేచాక కూడా గుడ్లకి రావడానికి రెండు మూడు వారాలు ఆగాలి.

మధురవాడ_డాబా
అందరికీ థాంక్స్. బల్బు సాయంత్రం వేయాలా, తెల్లవారుజామునా? మా కింద ఫ్లాటు ఆవిడ ఇప్పటికే అసోసియేషన్‌లో ఫిర్యాదు పెట్టింది.

పెందుర్తి_షెడ్డు
తెల్లవారుజామున. సాయంత్రం వేస్తే టక్కున ఆర్పిన చీకట్లో కోళ్ళు దండెం ఎక్కలేక తడబడతాయి. పొద్దున వేస్తే సూర్యుడే అందుకుంటాడు. టైమర్ పెట్టు, రోజూ అదే వేళ. ఇంకా గుడ్లకి రాని కుర్ర పెట్టలు ఉంటే వాటికి మాత్రం వేయకు. తొందరపడి గుడ్లకొస్తే గుడ్డుసంచి బయటికొచ్చి చచ్చిపోతాయి. ఆవిడకి వారానికి అరడజను గుడ్లు పంపు, ఫిర్యాదు తనే వెనక్కి తీసుకుంటుంది.

సీతమ్మధార_కేకులు
డాబా గారూ, మీకు మిగిలితే నేను కొంటాను. చేప పెట్టరు కదా?

జాలారిపేట_పుంజు
ఆయనకి అయిదు పెట్టలు, మీకు కేకులకి ఏం సరిపోతాయమ్మా. ఎర్రపెట్టల్ని ఏరు చేసేసాను. మా నల్లపెట్ట గుడ్లు తీసుకెల్లండి. పగలగొట్టి వాసన సూసాకే డబ్బులియ్యండి.

సీతమ్మధార_కేకులు
ఆదివారం వస్తాను. పాత రేటే.