ఎస్ప్రెస్సోకీ పోర్ ఓవర్‌కీ ఒకే గ్రైండర్ సరిపోతుందా?

రెండోకప్పు అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పొద్దున్నే రెండు ఎస్ప్రెస్సోలు పడాలి. మావారు పాలు కలుపుకుంటారు, నేను అలాగే తాగేస్తాను. మధ్యాహ్నం మాత్రం నాకు వి60లో (కాగితం ఫిల్టర్ పెట్టి పైనుంచి వేడినీళ్లు పోసే గరాటు, పోర్ ఓవర్ అంటే ఈ పద్ధతే) నెమ్మదిగా దిగిన కాఫీ కావాలి. ఇన్నాళ్లూ పొడి ప్యాకెట్లే వాడుతున్నాం. విప్పిన కొద్ది రోజులకే వాసన పోతోంది. ఆ పొడితో వి60 పర్వాలేదు గానీ, ఎస్ప్రెస్సో పది సెకన్లలో నీళ్లలా కారిపోతోంది. ఇక గ్రైండర్ కొనక తప్పదని నిర్ణయించుకున్నాం.

చదివినకొద్దీ అయోమయం పెరుగుతోంది. చివరికి మూడు దగ్గర ఆగాను: బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీ, డీఎఫ్64, చేత్తో తిప్పే వన్‌జెడ్‌ప్రెస్సో జె-అల్ట్రా. ఫెల్లో ఓడ్ కూడా నచ్చింది గానీ అది ఎస్ప్రెస్సోకి పనికిరాదంటున్నారు. ఎందుకు పనికిరాదు? బాగా మెత్తగా పెట్టుకుంటే సరిపోదా? రోజూ ఎస్ప్రెస్సోకీ వి60కీ మధ్య అటూ ఇటూ మార్చడం ఎంత తలనొప్పి? ఫ్లాట్ బర్, కోనికల్ బర్ (గింజల్ని నూరే దంతాల చక్రాలు, ఒకటి బల్లపరుపుగా, ఒకటి శంకువులా) అంటున్నారు, రుచిలో నిజంగా తేడా తెలుస్తుందా? వాడినవాళ్లు చెప్పండి.

నిదానంగా:

రెండోకప్పు గారూ, "మెత్తగా పెట్టుకుంటే సరిపోదా" అన్న ప్రశ్నలోనే మొత్తం విషయం ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఎస్ప్రెస్సోలో నీళ్లు దాదాపు 9 బార్ల ఒత్తిడితో పొడి మీద పడతాయి. ఆ నీళ్లకి అడ్డం నిలబడేది పొడి ఒక్కటే. కాస్త బరకైతే నీళ్లు జారిపోతాయి, కాస్త మెత్తనైతే చుక్క కూడా దిగదు. పోర్ ఓవర్‌లో అలా కాదు. నీళ్లు వాటి బరువుకే దిగుతాయి, ఫిల్టర్ కాగితం కొంత ఆపుతుంది, మీరు పోసే తీరు కొంత సర్దుతుంది. అందుకే వి60 పొడిలో 50 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తేడా వచ్చినా నా నాలుకకి తెలియదు. అదే 50 మైక్రాన్లు ఎస్ప్రెస్సోలో షాట్ (ఒకసారికి దిగే కాఫీ) మొత్తాన్ని మార్చేస్తాయి.

కాబట్టి గ్రైండర్ ఎంత మెత్తగా నూరగలదు అని అడిగితే సగమే అడిగినట్టు. ఆ మెత్తదనం దగ్గర ఎంత చిన్న మార్పు చేయగలదు అన్నది కూడా అడగాలి. నేనైతే బర్ సైజు కంటే ముందు ఇదే చూస్తాను.

నా దగ్గర మెత్తదనం మార్చే చక్రాన్ని ఒక్క క్లిక్ తిప్పితే బర్ సుమారు 30 మైక్రాన్లు కదిలే చేతి గ్రైండర్ ఉంది. పోర్ ఓవర్‌కి దాన్ని మించినది నాకు అక్కర్లేదు. ఎస్ప్రెస్సోకి మాత్రం దానితో ఇలా ఉంటుంది: ఒక క్లిక్ దగ్గర 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల షాట్ 20 సెకన్లు కూడా పట్టకుండా వచ్చేస్తుంది, కప్పులో పులుపు, పల్చన. ఒక్క క్లిక్ బిగిస్తే 40 సెకన్ల దాకా ఈడుస్తుంది, నాలుక మీద చేదు. నాకు కావాల్సిన 25–30 సెకన్లు ఆ రెండు క్లిక్‌ల మధ్య ఉంది, అక్కడ ఆగడానికి వీల్లేదు. పొడి బరువు అర గ్రామో గ్రామో అటూ ఇటూ చేసి నెట్టుకురావచ్చు, కానీ గింజలు మార్చిన ప్రతిసారీ ఆ తంటా మళ్లీ మొదలు.

జె-అల్ట్రాలో క్లిక్‌కి 8 మైక్రాన్లు. అందుకే దాన్ని ఎస్ప్రెస్సో గ్రైండర్ అంటారు. అదే కంపెనీ కె-అల్ట్రా క్లిక్‌కి 20 మైక్రాన్లు, అది అన్ని రకాలకీ పనికొచ్చినా మొగ్గు పోర్ ఓవర్ వైపే. డీఎఫ్64లో క్లిక్‌లే లేవు, ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఎన్‌కోర్ ఈఎస్‌పీ తెలివైన పని చేసింది: మొత్తం 40 అంకెల్లో 1 నుంచి 20 దాకా ఎస్ప్రెస్సో కోసం చిన్న చిన్న అడుగులు, 21 నుంచి 40 దాకా మిగతా కాఫీల కోసం పెద్ద అడుగులు. ఫెల్లో ఓడ్‌ని పోర్ ఓవర్, ఫ్రెంచ్ ప్రెస్ లాంటివాటికే తయారు చేశారు, ఎస్ప్రెస్సోకి కాదని వాళ్లే చెబుతారు. దాన్ని మీ లిస్టులోంచి తీసేయండి.

ఇక చేతిదా, కరెంటుదా అన్నది మీ ఇంటి లెక్కకి సులువు. పొద్దున్నే రెండు షాట్లంటే 36 గ్రాములు, అదీ ఎస్ప్రెస్సో మెత్తదనంలో. 48 మిల్లీమీటర్ల బర్ ఉన్న మంచి చేతి గ్రైండర్‌తో మీడియం రోస్ట్ 18 గ్రాములు నిమిషంలోపు అవుతుంది. లైట్ రోస్ట్, అంటే తక్కువ వేయించిన గింజ గట్టిది, ఇంకా సేపు పడుతుంది, మణికట్టుకి తెలుస్తుంది. ఒక్కరే తాగే ఇల్లయితే జె-అల్ట్రా అని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. నిద్రమత్తులో రోజూ రెండుసార్లు తిప్పమని మాత్రం మీకు చెప్పలేను.

అందుకని నా సలహా: కరెంటుదాన్ని ఎస్ప్రెస్సో దగ్గర పెట్టి కదపకండి. వి60 కోసం మామూలు చేతి గ్రైండర్ ఒకటి పక్కన ఉంచుకోండి. మధ్యాహ్నం 15 గ్రాములు, బరకగా, అర నిమిషం పని. రెండూ ఒకేసారి కొనక్కర్లేదు, ముందు ఎస్ప్రెస్సోది తీసుకోండి. ఎందుకంటే ఎస్ప్రెస్సో చేయగల గ్రైండర్ వి60కి ఎలాగోలా సర్దుకుంటుంది, వి60 గ్రైండర్ ఎస్ప్రెస్సోకి సర్దుకోదు.

రుచి సంగతి. ఏ గ్రైండరైనా గింజని పగలగొట్టినప్పుడు కొంత ధూళి లాంటి సన్నటి పొడి వస్తుంది. ఎస్ప్రెస్సోలో అది మంచిదే, సందులు పూడ్చి నీటిని ఆపుతుంది, కప్పుకి చిక్కదనం ఇస్తుంది. వి60లో అదే ధూళి కాగితానికి పట్టేసి నీళ్లు దిగకుండా చేస్తుంది, చివర్లో వగరు వస్తుంది. కోనికల్ బర్‌లు మామూలుగా చిక్కదనం వైపు, ఫ్లాట్ బర్‌లు రుచులు విడివిడిగా తెలిసే వైపు మొగ్గుతాయి. కానీ దంతాలు ఎలా చెక్కారన్నదాన్ని బట్టి ఇది బాగా మారుతుంది, ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. పాలు కలిపే కప్పులో ఈ తేడా పెద్దగా మిగలదు. మీరు ఒట్టిగా తాగే షాట్‌లోనూ, వి60లోనూ బాగానే తెలుస్తుంది.

ఒకేమర:

నిదానంగా గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, రెండు గ్రైండర్ల దగ్గర తప్ప. మా ఇంట్లో నిష్ జీరో ఉంది, 63 మిల్లీమీటర్ల కోనికల్, క్లిక్‌లు లేవు. రోజూ రెండు రకాలూ దానితోనే. డయల్ మీద ఎస్ప్రెస్సో అంకె ఒకటి, వి60 అంకె ఒకటి, తిప్పి పెట్టడానికి క్షణం పట్టదు. కావాల్సినన్ని గింజలే తూచి వేస్తాం కాబట్టి లోపల పాత పొడి దాదాపు మిగలదు. పైన డబ్బా నిండా గింజలు పోసి వాడే గ్రైండర్ అయితే మార్చిన ప్రతిసారీ దారిలో ఇరుక్కున్న పొడి రెండు మూడు గ్రాములు పారబోయాలి, అప్పుడు ఒకటే వాడటం నిజంగానే దండగ.

అయితే నా వి60లో రుచులు నిదానంగా గారు చెప్పినంత విడివిడిగా ఉండవు. గుండ్రంగా, నిండుగా ఉంటుంది. నాకు అదే ఇష్టం.

ఒక జాగ్రత్త: మెత్తగా మార్చేటప్పుడు మోటార్ తిరుగుతుండగా మార్చండి. ఆగి ఉన్నప్పుడు బిగిస్తే బర్‌ల మధ్య ఉన్న ముక్కలు నలిగి పట్టేస్తాయి. బరక వైపు ఎప్పుడు తిప్పినా ఫర్వాలేదు.

రెండోకప్పు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు బొమ్మ స్పష్టంగా కనిపిస్తోంది. ఒక సందేహం మిగిలింది. మా మెషీన్‌తో వచ్చిన బాస్కెట్ (పొడి వేసే చిన్న గిన్నె) కింద చూస్తే ఒకే ఒక్క చిన్న కన్నం ఉంది. దీనికీ ఇంత ఖచ్చితమైన గ్రైండర్ కావాలా? ఇంకోటి, డీఎఫ్64 కొంటే బర్‌లు సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో చూసుకోవాలని ఎక్కడో చదివాను. అది మనలాంటివాళ్లు చేయగల పనేనా?

నిదానంగా:

మంచిపని చేశారు, ముందే అడిగారు. అది రెండు గోడల బాస్కెట్. ఒత్తిడిని ఆ కన్నమే పుట్టిస్తుంది, పైన నురగ కూడా దాని పుణ్యమే. పొడి కాస్త అటూ ఇటూ ఉన్నా షాట్ దాదాపు ఒకేలాగ కనిపిస్తుంది కాబట్టి గ్రైండర్ మంచిదో కాదో దానిలో తెలియదు. మీ పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ని పట్టుకుని మెషీన్‌కి బిగించే పిడి) సైజుకి సరిపడే ఒక గోడ బాస్కెట్, అంటే అడుగున జల్లెడలా సన్నటి కన్నాలుండేది, గ్రైండర్‌తో పాటే తెప్పించుకోండి. 0.1 గ్రాము చూపించే తూకం కూడా. అవి లేకుండా పైన చెప్పిన అంకెలేవీ పట్టుకోలేరు. మీ గుండ్రటి కన్నం బాస్కెట్‌తోనే సంతృప్తి ఉంటే ఖరీదైన గ్రైండర్ జోలికే పోకండి, నిజంగా చెబుతున్నాను.

బర్‌ల సంగతి: ప్లగ్ తీసేసి, పైభాగం విప్పి, ఒక బర్ దంతాల బయటి అంచు మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీయండి. మళ్లీ బిగించి, రెండు బర్‌లు ఒకదాన్నొకటి తాకి సన్నగా గీరుకునే దాకా తెచ్చి, చేత్తో తిప్పి విప్పి చూడండి. రంగు చుట్టూ సమానంగా చెరిగితే నిశ్చింతగా ఉండండి. ఒకవైపే చెరిగితే ఆ వైపు ఎత్తుగా ఉందని అర్థం, ఎదుటి వైపు బర్ కింద అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి సరిచేస్తారు. దానికి ముందు బర్ కూర్చునే చోట ఇరుక్కున్న పొడిని బ్రష్‌తో దులపండి. చాలాసార్లు అంతటితోనే కుదురుతుంది.

ఒంటరిగా ఈ పని చేయాలంటే టెన్షన్ అనిపిస్తే ఎన్‌కోర్ ఈఎస్‌పీ తీసుకోండి. ఒకేమర గారి పద్ధతిలో మొదట దానితోనే రెండూ చేసుకుంటూ ఉండండి, అంకెలు ఉన్నాయి కాబట్టి మళ్లీ పాత చోటికి రావడం తేలిక. చేతిది కావాలో వద్దో మీ వి60 కప్పే చెబుతుంది.

తడిచెంచా:

ఆలస్యంగా వచ్చాను, ఒక చిన్న విషయం. ఏది కొన్నా పొడి ఎగిరి గ్రైండర్ మూతికీ, కప్పు అంచుకీ అంటుకుంటుంది. అది స్టాటిక్ కరెంట్. నూరే ముందు చెంచా కాడని నీళ్లలో ముంచి గింజల్ని కలపండి, ఆ ఒక్క చుక్క చాలు. ఆరిగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలిచి చూసి 2023 చివర్లో ప్రచురించారు: తడి తగిలితే విద్యుదావేశం తగ్గుతుంది, పొడి గడ్డకట్టడం తగ్గుతుంది, షాట్ నెమ్మదిస్తుంది, చిక్కబడుతుంది. కాబట్టి చుక్క వేసే అలవాటు చేసుకుంటే రోజూ వేయండి. ఒకరోజు వేసి ఒకరోజు మానేస్తే గ్రైండర్ అంకె కదపకుండానే షాట్ సమయం మారిపోతుంది, కారణం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

శుభ్రం చేయడానికి బియ్యం వేసి తిప్పమని ఎవరైనా చెబితే వినకండి. బియ్యపు గింజ కాఫీ గింజ కంటే గట్టిది, చిన్న మోటార్ మీద భారం పడుతుంది. బ్రష్ చాలు.