తిలకం క్లోమ... ఇంతకీ ఈ క్లోమం ఎక్కడుంది?

లలిత, దిల్‌సుఖ్‌నగర్: నిన్న అమ్మకు కడుపు స్కానింగ్ చేయించాం. రిపోర్టులో పాంక్రియాస్ నార్మల్ అని ఉంటే "అదేంటే?" అంది. క్లోమం అన్నాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన చదువుతున్న పేపరు దించి, "క్లోమం అంటే ఊపిరితిత్తి కదమ్మా" అన్నారు. అప్పటినుంచి చిన్నప్పుడు తాతయ్య వల్లె వేయించిన అమరకోశం (సంస్కృత నిఘంటువు) ముక్క బుర్రలో తిరుగుతోంది. "తిలకం క్లోమ మస్తిష్కం..." ఆ తర్వాత గోదో గోర్దో. ఇందులో క్లోమ అంటే మన ఇన్సులిన్ క్లోమమేనా?

మెట్టుగూడ మాస్టారు: గోర్దం. మస్తిష్కం, గోర్దం రెండూ మెదడు. తిలకం, క్లోమ రెండూ ఒకటే. అమరసింహుడు పర్యాయపదాలిచ్చి ఊరుకున్నాడు, చోటు చెప్పలేదు. చెప్పింది ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు. గుండెకు కిందుగా ఎడమన ప్లీహం, ఫుప్ఫుసం (ఊపిరితిత్తి); కుడివైపు యకృత్తు (కాలేయం), క్లోమం. ఎడమ ఫుప్ఫుసానికి కుడివైపు జోడీ ఏమిటి మరి? కుడి ఊపిరితిత్తే. మీ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి.

నాగోల్ బయాలజీ టీచర్: మాస్టారూ, ఎన్నేళ్లుగానో పిల్లలతో ఆ బొమ్మ గీయిస్తున్నాను. ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం, వంపులో తల పెట్టుకుని, జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని, తోక ప్లీహం దాకా చాపుతుంది. ఇన్సులిన్ తయారుచేసే లాంగర్‌హాన్స్ పుటికలున్నది అందులోనే. ఇప్పుడు వెళ్లి "అది ఊపిరితిత్తి" అంటే పిల్లలు నన్ను బెంచీ ఎక్కిస్తారు.

ధాతువుల పిచ్చోడు: పేచీ అంతా మొదటి అక్షరంలో ఉంది. క్లో కాదు, ప్లో. గ్రీకులో ప్లెఉమోన్, లాటిన్‌లో పుల్మో, రెండూ ఊపిరితిత్తే. సంస్కృతంలోనూ ప్లోమన్ కావాల్సింది. వెనకాల మకారం కూడా పెదవులతో పలికేదే కాబట్టి ముందున్న పకారం కాస్తా కకారమైందని భాషాశాస్త్రం. అంటే పల్మనాలజిస్టు అచ్చంగా క్లోమం డాక్టరు!

మెట్టుగూడ మాస్టారు: నేను చెప్పిందే కదా, గ్రీకు దాకా వెళ్లి తెచ్చారు.

త్రిఫల: తొందరపడకండి. ఉదకవహ స్రోతస్సులకు, అంటే ఒంట్లో నీళ్లు మోసే దారులకు, మూలం తాలువు (అంగిలి), క్లోమం అన్నాడు ఆయుర్వేదంలో చరకుడు. అంటే దప్పిక పుట్టే చోటు. షుగర్ వచ్చినవాళ్లకు ముందు కనిపించేదేమిటి? దాహం. అర్ధరాత్రి లేచి చెంబెడు నీళ్లు తాగడం. ఇన్సులిన్‌కూ దాహానికీ ఉన్న లంకె మనవాళ్లు ఎప్పుడో పట్టేశారు. పేరు పెట్టినవాళ్లు తెలిసే పెట్టారు.

నాగోల్ బయాలజీ టీచర్: త్రిఫల గారూ, థియరీ ముద్దుగా ఉంది కానీ, దాహం క్లోమంలో పుట్టదు. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగి, పోతూ పోతూ నీళ్లను కూడా లాక్కుపోతుంది. అందుకు దాహం. ఇన్సులిన్ దొరికిందే 1921లో, టొరంటోలో.

త్రిఫల: కారణం తెలియకపోయినా లక్షణం తెలియకూడదా?

పాతబస్తీ పోరడు: మా తాత ఉస్మానియాలో డాక్టరీ ఉర్దూలనే చదివిండు. పాంక్రియాస్‌ను లబ్‌లబా అనేటోడు. నోట్లో వేసుకుంటే జారిపోయేటట్టుంది ఆ మాట, మీ క్లోమంలెక్క గొంతుల అడ్డం పడదు. మొన్న మటన్ కొట్లో అడిగిన. కలేజీ (కాలేయం), గుర్దా (మూత్రపిండం), తిల్లీ (ప్లీహం) వరసగా చూపెట్టి, లబ్‌లబా అంటే మాత్రం నా మొఖం జూసి "కొవ్వు భాయ్, తీసి పడేస్తం" అన్నడు. గ్రీకులో పాంక్రియాస్ అంటే "అంతా మాంసమే" అనట! వాళ్లు మాంసమన్నరు, మావోడు కొవ్వన్నడు.

కందం ప్రియ: అన్నా, అదిరింది. దప్పిక మాట వచ్చింది కాబట్టి ఒకటి. పల్నాట్లో నోరెండిన శ్రీనాథుడికి ఏ క్లోమం ఎండిందో గానీ, శివుణ్ణే నిలదీశాడు:

సిరిగలవానికి జెల్లును
తరుణులు పదియారువేల దగ బెండ్లాడన్
దిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

అడుక్కు తినేవాడికి ఇద్దరు పెళ్లాలెందుకు, గంగను వదిలెయ్ అట! నీళ్లడిగే తీరు ఇంకెవరికి వస్తుంది?

మెట్టుగూడ మాస్టారు: "తగ" అనాలి. "తరుణులు"లో తకారానికి యతి.

కందం ప్రియ: త, ద ఒకే వర్గం మాస్టారూ, యతి ఎక్కడికీ పోదు.

మెట్టుగూడ మాస్టారు: పోదు. కానీ త ఉండగా ద ఎందుకమ్మా?

ధాతువుల పిచ్చోడు: చాటువుకు పాఠాంతరాలు లేకపోతేనే అనుమానించాలి.

లలిత, దిల్‌సుఖ్‌నగర్: అందరికీ థ్యాంక్స్. అమ్మకు ఫాస్టింగ్ షుగర్ 96 వచ్చింది, టెన్షన్ లేదు. కానీ "ఇంతకీ అది కడుపులోదా, ఛాతీలోదా?" అని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది. ఏం చెప్పను?

మెట్టుగూడ మాస్టారు: చెబుతానుండమ్మా. ప్రియా, నువ్వు "దగ" అని ఏ ప్రతిలో చూశావు?