పరంగికాయ అంటే బొప్పాయా, గుమ్మడా?

నిన్న నేను 'పరంగిపండు' అని రాస్తే, తమిళనాడులో ఉండే మన సభ్యులొకరు "గుమ్మడికాయను పండు అంటారా?" అని అడిగారు. అడగడం సబబే. తమిళంలో పరంగిక్కాయ్ అంటే గుమ్మడి. మా అనంతపురం పల్లెల్లో మాత్రం పరంగికాయంటే బొప్పాయి. పక్కన కన్నడంలోనూ పరంగి హణ్ణు ఇదే.

కాయలు వేరైనా పేరు ఒకటే కావడానికి కారణం ఉంది. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. యూరప్‌లోని ఫ్రాంకులు అనే జాతి పేరు అరబ్బుల నోట ఫరంజ్, పారశీకంలో ఫరంగీ అయింది. మన దగ్గర అది ఫిరంగి, పరంగి, అంటే యూరప్‌వాడు. 1498లో కాలికట్‌లో దిగిన పోర్చుగీసువాళ్లు మనకు పరంగులు. ఓడల్లో వచ్చిన కొత్త కాయ పరంగికాయ. పేలే ఫిరంగి కూడా ఈ మాటే!

బొప్పాయి మాటేమో ఇంకా దూరంది. మెక్సికో దక్షిణాన, మధ్య అమెరికాలో పుట్టిన పండు ఇది. కరీబియన్ జనాల మాట స్పానిష్‌లో పపాయా అయి, మన నోట్లో బొప్పాయిగా కుదురుకుంది. అంటే బొప్పాయి పుట్టింటి పేరు, పరంగి తెచ్చినవాళ్ల పేరు. నాకు రెండూ కావాలి. మా పిల్లలకు మొదటిదే తెలుసు, అదే నా బాధ.

మా అవ్వ పచ్చి పరంగికాయను గోటితో గీరేది. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారేవి. ముదురు మాంసం తెచ్చిన రోజు కూరలో ఒక ముక్క వేసేది, మెత్తగా ఉడికేది. ఆ పాలలో ఉండే పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది.

నిన్నటి పోస్టు కింద కామెంట్లలో ఒక అక్క "అయితే పండు తింటే అరుగుదలకు మంచిదేనా?" అన్నారు. మంచిదే అక్కా, కానీ పండేకొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి. పండులో మేలు చేసేవి నీరు, పీచు. వంద గ్రాములకు విటమిన్ సి సుమారు 60 మిల్లీగ్రాములు, కేలరీలు 43 మాత్రమే. కంటికి మేలు చేసే కెరోటిన్లూ ఉన్నాయి. గర్భిణులు మాత్రం పచ్చికాయ, దోరకాయ తినకూడదు. ఆ పాలు గర్భసంచిని బిగిసేలా చేయగలవు.

కడప, కర్నూలు వాళ్లు చెప్పండి, మీ ఇళ్లలో పరంగి అంటారా, పరింగి అంటారా?