‘నేలమట్టం’లో మట్టి ఉందా?

నిన్న లండన్‌లోని వెంబ్లీ పాత ఫుట్‌బాల్ స్టేడియం ఫోటో కింద ‘2003లో మట్టిపాలైన మైదానం’ అని రాసిన తమ్ముడికి, దానికి ‘నేలమట్టం అను, ఏదైనా మట్టే కదా’ అని జవాబిచ్చిన అక్కకి, ఇద్దరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా, కామెంట్‌లో పట్టేంత చిన్న సంగతి కాదు.

ముందు మట్టిపాలు సంగతి. పరువు మట్టిపాలవుతుంది, ఏడాది కష్టం ఒక్క వానకి మట్టిపాలవుతుంది. వృథా అయిపోయిందే అన్న బాధ ఉంది ఆ మాటలో. 1923 నుంచి 2000 దాకా ఆటలు చూపించిన చోటు అది, 1966 వరల్డ్ కప్ ఫైనల్ అక్కడే, దానికి ఆ మాట వాడాలంటే నాకైతే మనసు రావట్లేదు.

ఇక నేలమట్టం. అక్కా, ఇందులో మట్టి లేదు, మట్టం ఉంది. మట్టం అంటే లెవల్. నీటిమట్టం, సముద్రమట్టం, పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే మూలమట్టం, అన్నీ ఆ మట్టమే. వానలు గట్టిగా పడ్డప్పుడల్లా హుస్సేన్ సాగర్ నీటిమట్టం 513.41 మీటర్ల ఫుల్ ట్యాంక్ లెవల్ దాకా వచ్చిందా దాటిందా అని పేపర్లో చూస్తాం కదా, అక్కడ మట్టి అని ఎవరికీ అనుమానం రాదు, మరి నేల పక్కన చేరగానే మట్టి గుర్తొస్తోంది, నేలా మట్టీ చెవికి ఒక జట్టులా వినపడతాయి కాబట్టి.

నాకు ఈ తేడా పుస్తకంలో తెలియలేదు. మా ప్రహరీ కట్టేటప్పుడు పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి ఒక కొస నా చేతికిచ్చి, బొటనవేలితో మూసి పట్టుకోమన్నాడు. రెండో కొస తీసుకుని అవతలి మూలకి వెళ్లాడు. నేను వేలు తీశాక పైపులో నీళ్లు కాసేపు పైకీ కిందికీ ఊగి ఒక చోట నిలబడ్డాయి, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టబోతుంటే ‘ఆగు సారూ, నడుమ బుడగ ఉన్నది, బుడగుంటే మట్టం తప్పుతది’ అని పైపు దులిపించి మళ్లీ మొదటినుంచి చేయించాడు. రెండో గీత మొదటిదానికి రెండు వేళ్లు కింద పడింది. అప్పటినుంచి మట్టం అని వింటే నాకు ఆ నీళ్ల గీతే కనపడుతుంది.

అందుకే నేలమట్టం అంటే నా లెక్కలో కొలత చెప్పే మాట. పైన లేచినదంతా నేల లెవల్‌కి వచ్చింది, అంతవరకే. నేల కింద ఏముందో, పునాదులు ఉన్నాయో పోయాయో ఆ మాట చెప్పదు. సరిగ్గా ఇక్కడే వెంబ్లీ కథ చూడాలి.

ఆ స్టేడియం రాకముందు అదే చోట ఒక టవర్ మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ వాట్కిన్ అని రైల్వే కంపెనీ పెద్ద, పారిస్‌లో ఈఫిల్ టవర్ చూసి దానికంటే ఎత్తుది లండన్‌లో కట్టాలని పట్టుపట్టాడు. 47 మీటర్ల దాకా, అంటే మొదటి అంతస్తు వరకు లేచింది, పునాది కుదురుగా నిలవలేదు, డబ్బులూ చాలలేదు, ఇక ఆగిపోయింది. 1907లో డైనమైట్ పెట్టి మిగిలింది కూల్చేశారు. దీన్ని నేలమట్టం అనడం నూటికి నూరుపాళ్లు సరైన తెలుగు, ఎందుకంటే పైది పోయింది, కింది కాంక్రీటు అలాగే ఉంది. దాని మీదనే స్టేడియం వచ్చింది. ఆ స్టేడియాన్ని 2002 చివర్లో మొదలుపెట్టి 2003లో కూల్చి, కొత్తదాని పిచ్‌ని పాతదానికంటే 4 మీటర్లు కిందికి దించుతూ తవ్వుతుంటే ఆ టవర్ పునాదులు మళ్లీ బయటపడ్డాయి. అన్నేళ్లు ఆడినవాళ్లందరి కాళ్ల కింద అవి ఉన్నాయన్నమాట.

ఆ స్టేడియంలో మొదటిరోజు పోగైన జనం సంగతి కూడా చెప్పాలి, మన దగ్గర దానికి ముందే తయారుగా మాట ఉంది కాబట్టి. 1923 ఏప్రిల్ 28, మొదటి మ్యాచ్, బోల్టన్‌కీ వెస్ట్‌హామ్‌కీ ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ) ఫైనల్. లెక్కకి 1,26,047 మంది, గోడలు దూకీ గేట్లు తోసుకునీ వచ్చినవాళ్లని కలిపితే 2 లక్షలు దాటారని అంచనా. ఇసకేస్తే రాలనంత జనం అంటాం కదా, అది అక్కడ మాటవరసకి కాదు, పచ్చిక మీదనే జనం నిలబడ్డారు, గీతలు కనపడలేదు. బిల్లీ అనే తెల్ల గుర్రం మీద ఒక పోలీసు మెల్లగా తిరుగుతూ వాళ్లని అంచులదాకా జరిపాక ముప్పావు గంట ఆలస్యంగా ఆట మొదలైంది, బోల్టన్ 2-0తో గెలిచింది. ఇప్పుడు అక్కడ ఒక వంతెనకి తెల్ల గుర్రం పేరే పెట్టుకున్నారు.

మనవాళ్లకీ ఆ నేలతో చుట్టరికం ఉంది. 1948 ఆగస్టు 12న ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో మనం బ్రిటన్‌ని 4-0తో కొట్టింది ఆ స్టేడియంలోనే. అప్పటికి హైదరాబాద్ ఇంకా నిజాం పాలనలో ఉంది, పోలీస్ యాక్షన్ మరుసటి నెలలో. మా నాన్న ఇప్పటికీ ఎల్‌బీ స్టేడియం అనరు, ఫతే మైదాన్ అంటారు, 1967లో పేరు మారిందని ఎంత చెప్పినా అంతే. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ శిక్షణలో మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు తెచ్చిందని చెప్తూ చెప్తూ ఆయన గొంతు మారిపోతుంది. కట్టడం పోయినా పేరు నాలుక మీద ఉంటుందేమో కానీ, ఇక్కడ కట్టడం ఉండగానే పాత పేరు వదలని మనిషి ఆయన.

సరే, తమ్ముడూ, క్యాప్షన్ నా మట్టుకు నేను ఇలా రాస్తా: ‘వెంబ్లీ పాత స్టేడియం. 2003లో నేలమట్టం చేశారు, ఆ తర్వాత ఆట జరిగే నేల మట్టమే 4 మీటర్లు దించారు.’ రెండో మట్టం విడిగా రాయి, కలిపేస్తే అర్థం పోతుంది. (నా మట్టుకు అన్నానుగా, ఆ మట్టు అంటే మేర, హద్దు. మట్టుపెట్టడంలో ఉన్నదీ అదే.)

పొద్దున్నుంచి వచ్చిన కామెంట్లలో ఒకటి బాగుంది, ‘మరి కూల్చిన రాళ్లూ కాంక్రీటూ ఎక్కడికి పోయాయి, వాటికి మట్టిపాలు అనొచ్చుగా’ అని. అనలేం వదినా. ఆ శిథిలాలు లండన్ పడమటి వైపు నార్తోల్ట్‌కి వెళ్లాయి. వేరే చోట్ల నుంచి వచ్చిన శిథిలాలతో కలిపి అక్కడ నాలుగు గుండ్రటి ఎత్తులు పోసి, పైన గడ్డి పెంచి 2008లో పార్కు చేశారు. వీటిని దిబ్బలు అనాలా గుట్టలు అనాలా అన్నది మీరు అడగని ప్రశ్నే అయినా చెప్తా. దిబ్బ అంటే నాకు పారబోసిన కుప్పే గుర్తొస్తుంది, పోసినప్పుడు అవి దిబ్బలే. ఇప్పుడు పెద్దదాని చుట్టూ తిరుగుతూ పైదాకా దారి ఉంది, జనం ఎక్కి ఊరు చూస్తున్నారు, కాబట్టి గుట్టలు.