ఎన్‌క్రిప్టర్ వెనక వాయిస్‌కు ప్రాధాన్యం నిలిపేదెలా?

ఫీల్డ్ సిగ్నల్ వాహనం నుంచి హెడ్‌క్వార్టర్స్‌కు 4 ఎంబీపీఎస్ జియోస్టేషనరీ (భూస్థిర కక్ష్య) శాటిలైట్ లింక్. వరుసగా రౌటర్, ఐపీసెక్ ఎన్‌క్రిప్టర్ (ప్యాకెట్లను గుప్తీకరించి టన్నెల్‌లో పంపే పెట్టె), మోడెమ్. రౌండ్ ట్రిప్ ఎటూ 600 మిల్లీసెకన్లు.

ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) గొడవ లేదు. టన్నెల్‌పై 1400 బైట్లు, ఎంఎస్‌ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా) 1360. డీఎఫ్ బిట్ (ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి 1372 బైట్ల పింగ్ కొట్టినా వెళ్తోంది. టీసీపీ యాక్సిలరేటర్ (ఆలస్యమున్న లింక్‌పై టీసీపీ వేగం పెంచేది) కూడా ఎన్‌క్రిప్టర్‌కు లోపలి వైపే ఉంది (మోడెమ్‌లో పెడితే దండగే, దానికి టీసీపీ హెడర్ కనపడదు).

చిక్కంతా వాయిస్‌తో. భద్రతా నియమాల వల్ల ఎన్‌క్రిప్టర్ డీఎస్‌సీపీ గుర్తును (ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పేది) బయటి హెడర్‌కు కాపీ చేయదు. మోడెమ్‌కు అన్ని ప్యాకెట్లూ ఒకటే. పెద్ద ఫైల్ కదలగానే జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులు) పెరిగి మాట తెగుతోంది. లోపలి రౌటర్‌లో 3.4 ఎంబీపీఎస్‌కు షేపింగ్ (పంపే వేగానికి పరిమితి), ఈఎఫ్‌కు (వాయిస్‌కు వేసే డీఎస్‌సీపీ గుర్తు) ప్రయారిటీ క్యూ పెడితే బాగుంది, వాన పడేదాకా. వానకు మోడెమ్ మాడ్యులేషన్ దించి 2 ఎంబీపీఎస్‌కు వస్తుంది, క్యూ మళ్లీ మోడెమ్‌లోనే పేరుకుంటుంది.

షేపర్‌ను ఎప్పటికీ 1.7 దగ్గర కట్టేయడం ఇష్టం లేదు. వాయిస్‌కు వేరే బయటి చిరునామాతో రెండో టన్నెల్ వేసి, మోడెమ్‌లో ఆ చిరునామాను బట్టి క్యూ విడగొట్టినవారు ఉన్నారా? ఏ టన్నెల్ వాయిస్‌దో బయటివారికి తెలిసిపోతుందనే అభ్యంతరాన్ని ఎలా దాటారు? లేక లోపలి నుంచే ఆలస్యం కొలిచి షేపర్ రేటు మార్చడం మేలా? ఇంత ఆలస్యంలో అది ఊగిసలాడకుండా ఉండాలంటే కొలత విరామం ఎంత పెట్టాలి?