ఊర్వశి శారదకు తెలుగు సినిమా అన్యాయం చేసిందా?

గోడపత్రిక:
జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని తొలి రోజుల్లో ‘ఊర్వశి’ అనేవారు. దాన్ని మూడుసార్లు గెలిచి, ఆ బిరుదునే ఇంటిపేరు చేసుకున్న మనిషి మన తెనాలి ఆడపడుచు శారద. కానీ లెక్క చూడండి. ‘తులాభారం’ (1968) మలయాళం. ‘స్వయంవరం’ (1972) మలయాళం. మూడోది ‘నిమజ్జనం’ ఒక్కటే తెలుగు. మరి అది చూసినవారు మనలో ఎందరు?

నా అభిప్రాయం దాచుకోను. చేతిలో ఉన్న నటితో ఏం చేయాలో తెలుగు సినిమాకు తెలియలేదు. 1961లో ‘ఇద్దరు మిత్రులు’తో గుర్తింపు వచ్చినా పెద్ద వేషం ఇవ్వడానికి మనవాళ్లు తటపటాయించారు. 1965లో దర్శకుడు కుంచాకో తీసిన ‘ఇణప్రావుకళ్’తో ఆమె మలయాళం వైపు వెళ్లింది. అదే ఏడాది ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాసిన ‘మురప్పెణ్ణు’ దక్కింది. అక్కడ రుజువయ్యాక గానీ ఇక్కడ నమ్మకం కుదరలేదు. కుదిరాక మనం చేసిందల్లా కన్నీళ్ల కుళాయి తిప్పడమే.

‘స్వయంవరం’ చివరి దృశ్యం గుర్తు చేసుకోండి. ఎవరి కోసం ఇల్లు వదిలి వచ్చిందో ఆ మనిషి పోయాడు. చంటిబిడ్డ ఉంది. బయట ఎవరో తలుపు తడుతున్నారు. సీత ఆ మూసిన తలుపు వైపు చూస్తూ ఉండిపోతుంది. డైలాగు లేదు. ఆ తర్వాత ఏం చేస్తుందో దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ చెప్పడు. అలాంటి ఒక్క నిమిషం తెలుగులో ఆమెకు ఎవరైనా ఇచ్చారా?

రేడియో బాబాయి:
మీరు ‘మనుషులు మారాలి’ (1969) పేరు ఎత్తకుండా తప్పించుకున్నారు. ‘తులాభారం’ కథే అది, పాత్ర అదే, నటి ఆమే. తమిళంలోనూ, హిందీలోనూ కూడా ఆ వేషం ఆమెదే. ఆకలికి తాళలేక పిల్లలకు విషం కలిపి పెట్టి, తాను చావకుండా మిగిలిపోయి బోనులో నిలబడిన తల్లి. వి. మధుసూదనరావు తీస్తే మనవాళ్లు విరగబడి చూశారు. శోభన్ బాబు నిలదొక్కుకున్నదీ ఆ సినిమాతోనే. ఆ పాత్రకు మలయాళంలో బహుమతి వస్తే కళ, తెలుగులో జనం వస్తే కన్నీళ్ల కుళాయా? తూకపు రాళ్లు సరిచూసుకోండి.

ఎర్నాకులం తెలుగువాడు:
ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉంటున్నాను. శారద పేరు చెబితే ఇక్కడి పెద్దవాళ్లు ‘మా శారద’ అంటారు. తెనాలి అంటే ముందు నమ్మరు, తర్వాత నొచ్చుకుంటారు.

అయితే ‘అటు వెళ్లింది’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ రోజుల్లో ఆలప్పుళలో ఉదయా, తిరువనంతపురంలో మెర్రీల్యాండ్ తప్పిస్తే మలయాళ సినిమా చాలావరకు మద్రాసులోనే తయారయ్యేది. తెలుగు, తమిళం, మలయాళం అన్నీ కోడంబాక్కం చుట్టుపక్కలే. అది వలస కాదండీ, పక్క స్టూడియోకు నడిచి వెళ్లడం. తేడా ఊరిలో లేదు, కథలు ఎక్కడినుంచి వచ్చాయన్న దాంట్లో ఉంది. ‘తులాభారం’ మొదట తోప్పిల్ భాసి రాసిన నాటకం. కె.పి.ఎ.సి. అనే వామపక్ష నాటక బృందం వాళ్లు ఊరూరా ఆడారు. యూనియన్లు, సమ్మెలు, అద్దె కట్టలేని ఇళ్లు తెలిసిన ప్రేక్షకుడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. నటి ఎంత గొప్పదైనా ఆ కుర్చీలు ఆమె వేయలేదు కదా.

రేడియో బాబాయి:
మనకు ఆ కుర్చీలు లేవా? ప్రజానాట్యమండలి ‘మా భూమి’ నాటకం ఆడినప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలాయి. ఆ మండలి నుంచే గరికపాటి రాజారావు వచ్చి 1953లో ‘పుట్టిల్లు’ తీసి జమునను పరిచయం చేశాడు. మనకు లేనిది ప్రేక్షకుడు కాదు, ఆ దారిన పట్టుబట్టి నడిచిన నిర్మాత.

పెరటి తలుపు:
మగవాళ్లందరూ కలిసి శారద గారి కన్నీళ్లు కొలుస్తున్నారు. నా లెక్క వేరు.

1981 తీసుకోండి. ఆ ఏడాది మలయాళంలో ‘ఎలిప్పత్తాయం’. అడూర్ సినిమాయే. లండన్‌లో సదర్లాండ్ ట్రోఫీ గెలిచింది. అందులో శారద గారు రాజమ్మ. పెళ్లి కాలేదు, కాదు కూడా. కాలు కదపని అన్నకు వండి వార్చడమే బతుకు. పెరట్లో ఆవు పడి మేస్తుంటే ఆ అన్న లేచి తోలడు, కూర్చున్న చోటినుంచే ‘రాజమ్మా’ అని కేక వేస్తాడు. చివరికి ఆమె జబ్బుపడి మంచం ఎక్కినా అతనిలో చలనం ఉండదు. గొప్ప సినిమా, గొప్ప నటన. ఒప్పుకుంటాను.

అదే ఏడాది తెలుగులో ‘న్యాయం కావాలి’. డి. కామేశ్వరి నవల. ప్రేమ పేరుతో మోసపోయిన అమ్మాయి కోర్టుకెక్కితే ఆమె తరఫున నల్లకోటు వేసుకుని నిలబడిన లాయరు శారద గారే. ఎదుట బోనులో చిరంజీవి. ‘నీ పరువు పోతుంది, ఊరుకో’ అని ఆడపిల్లల నోరు నొక్కే ఊరి మధ్య, ‘పరువు పోవాల్సింది వాడిది’ అన్న వాదన ఆ గొంతులో వినడం ఆ రోజుల్లో మాకు చిన్న విషయం కాదు. మా మేనత్త తర్వాత ఇంట్లో ప్రతి తగువుకూ ఆ లాయరమ్మలా కొంగు బిగించి నిలబడేది. ఇక చెప్పండి, ఆ ఏడాది ఎవరు ఆమెను మాట్లాడనిచ్చారు, ఎవరు మాట్లాడనివ్వలేదు?

ఇంకొకటి. ‘బలిపీఠం’ (1975) కూడా ఆడవాళ్ల నవలే, రంగనాయకమ్మది. అందులో అరుణ చూసేవాళ్ల జాలి కోరే పాత్ర కాదు. చావు దగ్గరపడిందనుకుని కులం దాటి పెళ్లి చేసుకుంటుంది. బతికి బట్టకట్టాక అదే భర్త కులాన్ని ఈసడిస్తుంది. హీరోయిన్‌ను జనం విసుక్కునేలా నటించాలంటే ఎంత ధైర్యం కావాలి! దాసరి ఇచ్చారు, ఆమె చేశారు. రచయిత్రులు రాసిన చోట తెలుగు సినిమా శారద గారికి న్యాయమే చేసింది. హీరో కోసం కథలు వండిన చోట చేయలేదు. గీత గీస్తే అక్కడ గీయాలి, భాషల మధ్య కాదు.

గోడపత్రిక:
పెరటి తలుపు గారూ, మీరు గీసిన గీతకు అవతల ఎంత జనం ఉన్నారో కూడా చూడాలి. 1980లో ‘సర్దార్ పాపారాయుడు’. తండ్రి ఎన్టీఆర్‌కు భార్య శారద, కొడుకు ఎన్టీఆర్‌కు జోడీ శ్రీదేవి. రెండు వేషాల్లోనూ ఉన్నది ఒకే మనిషి. అప్పటికి శారదకు 35 ఏళ్లు, ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. 1986లో ‘అనసూయమ్మ గారి అల్లుడు’ నాటికి బాలకృష్ణకు అత్తగారు. ఆమె కంటే రెండేళ్లు పెద్దవాడైన కృష్ణ అప్పటికీ హీరోయే. నల్లకోటు వేశారు, పట్టుచీర కట్టారు, అధికారం ఇచ్చారు, సరే. కథ మాత్రం ఆమె చుట్టూ తిరగలేదు. ‘శారద’ (1973) లాంటివి ఎన్ని? విశ్వనాథ్ ఆమె పేరే సినిమాకు పెట్టి, భర్త పోయాడన్న సంగతి మనసు ఒప్పుకోని పిచ్చిదాని పాత్ర ఇచ్చారు. అలాంటి సాహసం తర్వాత ఎవరు చేశారు?

పెరటి తలుపు:
వయసు విషయంలో మీతో పేచీ లేదు. కానీ అది శారద గారికి ప్రత్యేకంగా జరిగిన అన్యాయం కాదు. సావిత్రికీ జరిగింది, ఆ తర్వాతి వాళ్లకూ జరిగింది. తేడా ఏమిటంటే, మిగతావారికి తల్లి పాత్ర అంటే పూజగదిలో దణ్ణం పెట్టుకోవడం. ఈమెకు మాత్రం హీరోను నిలదీసే పని కూడా ఇచ్చారు.

తెనాలి రైలుకట్ట:
మా ఊరి మాట కూడా వినండి. 1996లో తెనాలి నుంచి తెలుగుదేశం తరఫున ఆమెను లోక్‌సభకు పంపాం. ‘తులాభారం’ చూసి ఓటేసినవాడు ఒక్కడు కూడా లేడని ప్రమాణం చేసి చెప్పగలను. జనం ఎరిగిన శారద నిలదీసే శారదే.

రేడియో బాబాయి:
పార్టీ గుర్తు చూసి కూడా వేసి ఉంటారు లెండి.

తెనాలి రైలుకట్ట:
కొంచెం అదీ ఉంది.

దూరదర్శన్ ఆదివారం:
ఆలస్యంగా వచ్చాను. ‘నిమజ్జనం’ చూసినవారు ఎందరని మొదట్లో అడిగారు. నేను చూశాను, ప్రాంతీయ భాషా చిత్రాలు వేసే ఆదివారం మధ్యాహ్నాల్లో. బి.ఎస్. నారాయణ తీశారు. అస్థికలు కలపడానికి బయలుదేరిన సంప్రదాయ దంపతులు. దారిలో బండివాడు ఆ ఇల్లాలిపై అత్యాచారం చేస్తాడు. భర్తకు చెప్పుకోనూ లేదు, చెప్పకుండా ఉండనూ లేదు, అదీ ఆమె స్థితి. ‘స్వయంవరం’లో తలుపు ముందు నిమిషం అన్నారు కదా, ఇక్కడ అది సినిమా పొడవునా ఉంటుంది. కనుక ‘తెలుగులో ఎవరైనా ఇచ్చారా’ అన్న ప్రశ్నకు జవాబు ఉంది. ఇచ్చారు, బహుమతీ వచ్చింది. హాళ్లకు తీసుకెళ్లే పూచీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

నా దృష్టిలో తప్పు అక్కడ జరిగింది. కేరళలో అప్పటికే మంచి సినిమాలు తెప్పించి చూపించే ఫిల్మ్ సొసైటీలు ఊళ్లకు పాకాయి, అడూర్ వాళ్లే నడిపారు. బహుమతి వచ్చిన సినిమాకు బహుమతి తర్వాత ఒక బతుకు ఉండేది. మన దగ్గర బహుమతి వార్త మరుసటి రోజు పేపర్లో వచ్చేది, అంతటితో సరి.

గోడపత్రిక:
ఇది ఒప్పుకోదగ్గ మాట. అయినా నా ఫిర్యాదు అలాగే ఉంది. ఆ ఒక్క సినిమా తర్వాత, ఆ బహుమతి చూపించి మరో కథ రాయించుకున్న తెలుగు నిర్మాత పేరు ఎవరైనా చెప్పండి. ‘న్యాయం కావాలి’ చెప్పకండి, అందులో పోస్టరు మీద పెద్ద బొమ్మ ఎవరిదో మనందరికీ తెలుసు.

పెరటి తలుపు:
పోస్టరు సంగతి నాకు తెలియదు. మా మేనత్తకు ఆ సినిమా పేరు ఎప్పుడూ గుర్తుండేది కాదు, ‘శారద లాయరు సినిమా’ అనే అనేది.