నాన్నగారి స్టెంట్‌కి ఓసీటీ కూడా కావాలంటున్నారు, నిజంగా అవసరమేనా?

గుంటూరు_కుర్రాడు
అందరికీ నమస్కారమండి. మా నాన్నగారికి 64 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తా, ఇరవై ఏళ్లుగా షుగరు. రెండు నెలల నుంచి బస్తాల మధ్య నాలుగడుగులు గబగబా వేస్తే చాలు గుండె మీద ఎవరో చెయ్యేసి నొక్కినట్టుంటందని అంటన్నారు, మిర్చి ఘాటుకేమోలే అని ఊరుకున్నాం, అదే మేం చేసిన తప్పు. మొన్న శనివారం విజయవాడలో మణికట్టు నుంచి యాంజియో చేశారు. ఎల్ఏడీలో, అంటే గుండె ముందువైపు పెద్ద నాళంలో, 80 శాతం బ్లాక్, కాల్షియం కూడా ఉందన్నారు. గురువారం స్టెంట్ వేస్తారంట, ఓసీటీ అని నాళం లోపలికి పంపి చూసి వేస్తే మంచిది, దానికి ఖర్చు విడిగా అవుద్ది అన్నారు డాక్టరు గారు. సీడీ ఇంటికి తెచ్చుకుని పదిసార్లు చూశా, బ్లాకు నాకే కనపడతా ఉంది, దారప్పోగులా సన్నగా. అంత తెలిసిపోయేదానికి ఇంకో పరీక్ష ఎందుకండీ? అప్పు చేసైనా చేపిస్తా, కానీ అవసరమో కాదో తెలీక నిద్ర పట్టట్లేదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6 ఉంది.

బెజవాడ_క్యాథ్‌ల్యాబ్
నేను టెక్నీషియన్ని, తొమ్మిదేళ్లుగా ఇదే పని. తమ్ముడూ, నువ్వు సీడీలో చూసింది రక్తనాళం కాదు, అందులో పోసిన డై (ఎక్స్‌రేలో కనపడే మందు) నీడ. దారి ఎంత సన్నబడిందో తెలుసుద్ది గానీ గోడకి పట్టింది మెత్తటి కొవ్వా, రాయిలాంటి కాల్షియమా, ఎంత మందం, నాళం అసలు సైజెంత అనేది ఆ నీడలో సరిగ్గా తేలదు. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ మొదటి బెలూన్ చేసింది ఇలాంటి నీడ చూసుకునే, అప్పుడు వేరే దారి లేదు.

ఓసీటీలో మిల్లీమీటరు మందం కూడా లేని క్యాథెటర్ అనే గొట్టం లోపల గిర్రున తిరుగుతా ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసుకుంటా వెనక్కొస్తది. రెండు మూడు సెకన్లు, అంతే, ఐదారు సెంటీమీటర్ల నాళం మొత్తం గింజ తీసిన కాకరకాయ చక్రాల్లాగా స్క్రీన్ మీదకొచ్చేస్తది. 10 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా కూడా కనపడుద్ది. ఇదివరకు ఈ బొమ్మ వేరు, యాంజియో బొమ్మ వేరు, డాక్టరు మనసులోనే కలుపుకోవాలి. ఇప్పుడు కంప్యూటరే రెండిటినీ జత చేసుద్ది, ఇక్కడ ఒక చక్రం మీద కర్సర్ పెడితే అక్కడ యాంజియోలో అదే చోట గుర్తు పడుద్ది, స్టెంట్ ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో అలా చూసుకుంటారు. నాకైతే ఈ పనిలో బాగా నచ్చేది ఇదే.

కాల్షియం నాళం చుట్టుకొలతలో సగం పైన, అర మిల్లీమీటరు మందం, 5 మిల్లీమీటర్ల పొడవు దాటి ఉంటే స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. అప్పుడు ముందు డ్రిల్‌తో అరగదీయడమో షాక్‌వేవ్ బెలూన్‌తో పగలగొట్టడమో చేసి తర్వాత స్టెంట్ వేస్తారు. అందుకే మీ నాన్నగారికి లోపల చూసి చేయడమే మంచిదంటా. కానీ ఒక్కటి, ఓసీటీకి రక్తం పక్కకి తోయాలి, దానికి మళ్లీ డై కావాలి, అది కిడ్నీలకి భారం. 1.6 క్రియాటినిన్‌కి ఐవస్ కుదురుద్దా అని అడుగు. అది సౌండుతో చూసేది, డై అక్కర్లేదు, బొమ్మ అంత సూక్ష్మంగా రాదు గానీ పని జరుగుద్ది. లెఫ్ట్ మెయిన్ (గుండె ఎడమవైపు మొదటి పెద్ద నాళం), రెండు నాళాలు చీలే చోటు, పొడుగాటి బ్లాకులు, వీటికి లోపల చూసే చేయమని 2024లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ గట్టిగానే చెప్పింది.

తెనాలి_శ్రీను
అన్నా, నాకు 2021లో లోపల చూడకుండానే వేశారు, కాల్షియం అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఏడు నెలలకి మళ్లీ అదే నొప్పి. వేరే చోట ఐవస్ పెడితే స్టెంట్ గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క నొక్కుకుపోయి కోడిగుడ్డులా ఉంది, నేనే చూశా స్క్రీన్ మీద. దాన్ని తెరవడానికి ఇంకోసారి బల్ల ఎక్కాల్సొచ్చింది. మా ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టి కట్టిన బిల్లది, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుద్ది.

కృష్ణలంక_లక్ష్మి
బాబూ, ఖర్చు కాగితం మీద రాయించుకో. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర సీలింగ్ పెట్టింది స్టెంట్‌కి, లోపల చూసే క్యాథెటర్‌కి కాదు, అందుకే అది బిల్లులో విడిగా పడుద్ది. ప్రభుత్వ వైద్యసేవ పథకంలో వచ్చుద్దేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు. నాన్నగారి షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే డై సంగతి వల్ల డాక్టరుకి ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

గుంటూరు_కుర్రాడు
అందరికీ దండాలండి. క్రియాటినిన్ సంగతి ఎత్తితే డాక్టరు గారే ఐవస్ చేద్దామన్నారు. తర్వాత పిలిచి బొమ్మ చూపించారు, తెల్లటి నెలవంకలాగా కాల్షియం, దాని వెనకంతా నల్లటి నీడ. ముందు షాక్‌వేవ్ చేశారు. యాంజియో చూసి 3 మిల్లీమీటర్ల స్టెంట్ అనుకున్నారంట, లోపల కొలిస్తే నాళం పెద్దది, 3.5 వేశారు. ఇవాళ పొద్దున నాన్నగారు బ్రాడీపేట నాలుగో లైను చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచారు, నేనే వెనకబడ్డా. సోమవారం క్రియాటినిన్ మళ్లీ చూస్తామన్నారు, రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతా.